సున్నం తక్కువ, క్యాల్షియం ఎక్కువ

కార్తీకమాసం ఆఖరి మంగళవారం, ఉదయం పదకొండుంబావుకి, తిరువూరు బస్టాండు వెనక వీధిలో ఉన్న నా ల్యాబ్‌లో మిషను 13.6 అని చూపించింది. రక్తంలో క్యాల్షియం అది. పదిన్నర దాటకూడదు. పదమూడు దాటిన మనిషి బెంచీ మీద కూర్చుని కబుర్లు చెబుతున్నా సరే, ప్రమాదంలో ఉన్నట్టే.

ఆ మనిషి నిజంగానే మా బెంచీ మీద కూర్చుని ఉంది. పేరు రజియా. యాభై ఎనిమిదేళ్లు. మా ఊళ్లో జాకెట్లు కుట్టడంలో ఆవిడ తరవాతే ఎవరైనా. ఇరవై రెండేళ్లుగా నా జాకెట్లు ఆవిడే కుడుతోంది. రెండేళ్ల కిందట ఎడమ రొమ్ములో క్యాన్సరు వస్తే విజయవాడలో తీసేశారు. ఆపరేషనయిన మూడో నెలలో తన జాకెట్టు తనే కుట్టుకుని, వేసుకొచ్చి నా ముందు నిలబడింది.

"ఒక పక్క దూది, ఒక పక్క దేవుడిచ్చింది. ఏది ఎటో తెలియనట్టు చూసి చెప్పండి డాక్టరమ్మా."

ఎటో నాకు ముందే తెలుసు. తెలిసి కూడా తేడా పట్టలేకపోయాను. కొలతల్లో నన్ను ఓడించిన మనిషి ఆవిడ ఒక్కతే.

అలాంటి మనిషి ఆ రోజు రెండో నీళ్ల సీసా అడుగుతోంది. నోరు పిడచకట్టుకుపోతోందంది. తొమ్మిది రోజులుగా విరేచనం లేదంది. మాట మధ్యలో ఆగి, ఏం చెబుతున్నానో మర్చిపోయానంది.

"వయసు కదండీ," అన్నాడు పక్కనే ఉన్న మౌలాలి. రజియా భర్త. ఆటో నడుపుతాడు.

"నీకంటే నాలుగేళ్లు చిన్నదాన్ని," అంది రజియా. ఆ లెక్క మాత్రం మర్చిపోలేదు.

ల్యాబుల్లో పనికి చేరబోతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ముప్పయి నాలుగేళ్లు ఈ పని చేశాను. ఎన్ని మిషన్లు కొన్నానో, గోడకి ఏ సర్టిఫికెట్లు తగిలించానో మీకు అనవసరం. నంబరు మిషను ఇస్తుంది. ఆ నంబరు ఎందుకొచ్చిందో కనుక్కోవడం మన ఉద్యోగం. రజియా కథ ఒక్కటి సరిగ్గా అర్థమైతే మిగతాది పుస్తకాల్లో దొరుకుతుంది.

ముందు మీ చెయ్యి

గుంటూరులో చదివేటప్పుడు మాకొక ప్రొఫెసరు ఉండేవారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. వింత నంబరుతో రిపోర్టు పట్టుకెళితే రెండు వేళ్లతో పట్టుకుని, "ఇది రిపోర్టా అమ్మా, లాటరీ టికెట్టా?" అనేవారు. ముందు నీ చేతిని అనుమానించు, తరవాత మిషన్ని, ఆ తరవాతే రోగిని అని ఆయన సూత్రం. ఆయన అంటే మాకెవరికీ ఇష్టం ఉండేది కాదు. ఆయన మాట మీద నేను ముప్పయి నాలుగేళ్లు బతికాను.

ఆ మాట విలువ మొదటి వేసవిలోనే తెలిసింది. వినగడప నుంచి ఒక రైతు రక్తం సీసాలో పోసి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపారు. నడి వేసవి, మధ్యాహ్నపు బస్సు, డ్రైవరు పక్కన ఇంజను మీద పెట్టారు. పొటాషియం చూస్తే గుండె ఆగిపోవలసినంత ఉంది. పంపిన డాక్టరు కంగారుపడి ఇంజెక్షను సిద్ధం చేస్తున్నారు. రైతును పిలిపించి మళ్లీ తీయిద్దామన్నాను. ఆ రైతు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. మా గుమ్మం ముందు స్టాండు వేసిన మనిషికి గుండె ఆగే పొటాషియం ఏమిటి? వేడికి, కుదుపులకి రక్తకణాలు సీసాలోనే చితికిపోయాయి. జబ్బు రైతుకి కాదు, బస్సుకి.

క్యాల్షియానికి ఇలాంటిదే ఒక మాయ ఉంది. రక్తం తీసేముందు చేతికి కట్టే రబ్బరు పట్టీని బిగించి ఎక్కువసేపు వదిలేస్తే క్యాల్షియం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకని రజియాని లోపలికి పిలిచి, పట్టీ కట్టకుండా, నా చేత్తో నేనే మళ్లీ తీశాను.

13.5.

ఇక నా చేతిదీ కాదు, మిషనుదీ కాదు. విజయవాడకి ఫోన్ చేశాను. రజియాకి క్యాన్సరు వైద్యం చేస్తున్న డాక్టరు శ్రీలత నాకంటే ముప్పయ్యేళ్లు చిన్న, కానీ మంచి బుర్ర. నంబరు చెప్పగానే, "పట్టీ లేకుండా తీశారా మేడమ్?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో ఆ పిల్ల మీద నాకు గురి కుదిరింది.

అక్కడ తగ్గి, ఇక్కడ పెరిగి

రజియాకి ఆపరేషను తరవాత రోజుకొక బిళ్ల ఇచ్చారు. ఒంట్లో ఆడ హార్మోనును అణిచి, క్యాన్సరు తిరిగి రాకుండా చూసే బిళ్ల. దానికొక దుర్గుణం ఉంది, ఎముకల్ని గుల్ల చేస్తుంది. శ్రావణంలో ఎముకల పరీక్ష చేస్తే బాగా పల్చబడ్డాయని తేలింది. దాంతో ఎముకల్ని నిలబెట్టడానికి ఆరు నెలలకొక ఇంజెక్షను మొదలుపెట్టారు. పూటకొకటి చొప్పున రోజుకి రెండు క్యాల్షియం బిళ్లలు, వారానికొక విటమిను డి బిళ్ల కూడా రాశారు.

ఇక్కడ జాగ్రత్తగా చూడండి. ఆ ఇంజెక్షను ఎముకలోని క్యాల్షియాన్ని బయటికి పోనివ్వదు. అది చేయించుకున్న మనిషి రక్తంలో క్యాల్షియం తగ్గాలి. రజియాకి పెరిగింది. రొమ్ము క్యాన్సరు వచ్చిన మనిషికి అలా పెరిగితే ఎవరికైనా ముందుగా వచ్చే భయం ఒకటే. క్యాన్సరు ఎముకల్లోకి పాకి వాటిని తినేస్తోందని, తిన్నదంతా రక్తంలో పోస్తోందని.

ఆ భయం డాక్టర్లు నోటితో చెప్పనక్కర్లేదు. ఆటోలో విజయవాడ వెళుతున్నంతసేపూ మౌలాలి హారన్ కొట్టలేదని రజియా తరవాత చెప్పింది. "ఆయన హారన్ కొట్టలేదంటే నేను పోయినట్టేనని అప్పుడే అనుకున్నా."

విజయవాడలో చెయ్యవలసినవన్నీ చేశారు. క్యాల్షియం, విటమిను డి బిళ్లలు ఆపారు, సెలైన్లు ఎక్కించారు. ఐదు రోజుల్లో క్యాల్షియం 10.1కి దిగింది. ఎముకల స్కాను శుభ్రంగా ఉంది. మెడలోని గ్రంథి పాడై క్యాల్షియం పెంచుతోందేమోనని చూశారు. ఆ గ్రంథి హార్మోను అట్టడుగున ఉంది, దాని తప్పేం లేదు. విటమిను డి కూడా హద్దులోనే ఉంది. ఇంటికి పంపారు.

రెండు వారాలకి మా ల్యాబ్‌లో 13.1.

మళ్లీ విజయవాడ, మళ్లీ సెలైన్లు, ఒళ్లంతా చూసే పెద్ద స్కాను. క్యాన్సరు ఎక్కడా కనపడలేదు. 10.3తో ఇంటికొచ్చింది. పదో రోజు 12.9. ఈలోగా మూత్రపిండాలు దెబ్బతింటే పెరిగే నంబరు 0.8 నుంచి 1.9కి ఎక్కింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

"స్కానుకి కనపడనంత చిన్నగా ఎముక మూలుగలో ఉందేమో," అంది శ్రీలత ఫోనులో. "నడుము ఎముకలోంచి మూలుగ తీసి చూడాలి. అందులో దొరికితే వైద్యమంతా మార్చాలి మేడమ్. దొరక్కపోయినా నమ్మకంగా లేదని చెప్పలేను."

కుట్టకుండా వచ్చిన గుడ్డలు

ఆ సాయంత్రం మౌలాలి మా ఇంటికొచ్చాడు. చేతిలో సంచీ. మాఘంలో మా తమ్ముడి మనవరాలి పెళ్లికని నేను రజియాకి ఇచ్చిన రెండు జాకెట్టు ముక్కలు అందులో ఉన్నాయి. మడత కూడా విప్పలేదు.

"అందరివీ ఇచ్చేస్తోందండీ. మాఘం ముహూర్తాలకి తీసుకున్నవి నలభై ఒకటి ఉన్నాయి. ఎవరి గుడ్డ ఎవరిదో తనకి గుర్తున్నప్పుడే ఇచ్చేస్తానంటోంది. విజయవాడ కూడా ఇక రానంటోంది."

"మూలుగ పరీక్ష సంగతి చెప్పావా?"

"చెప్పానండీ. దొరికితే ఏం చేస్తారు, దొరక్కపోతే ఏం చేస్తారు, రెండూ చెప్పమను అంది. నాకేం తెలుసు?"

అతను వెళ్లాక ఆ ముక్కలు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తరవాత రజియా నంబర్లన్నీ మనసులో ఒక వరసలో పెట్టుకున్నాను. విజయవాడలో తగ్గుతోంది, తిరువూరులో పెరుగుతోంది. క్యాన్సరుకి ఊళ్లతో పనేమిటి? ఎముకల్లో ఉన్నది ఆవిడతోపాటు ఆటో ఎక్కి వెళ్లదా?

ఇంకొకటి. రజియా రక్తం ప్రతిసారీ క్షారం వైపు మొగ్గుతోంది. శ్రీలతకి మళ్లీ ఫోన్ చేసి ఆ మాట అన్నాను. తనకీ అదే అనుమానం ఉంది.

"నోట్లోంచే ఏదో లోపలికి పోతోంది మేడమ్. క్యాల్షియం, క్షారం కలిసి పోయేది. కానీ బిళ్లలు ఆపేశాం కదా. వేరే మందులున్నాయా అని మూడుసార్లు అడిగాను. లేవంటున్నారు."

"రేపు నేను ఇంటికెళ్లి అడుగుతాను."

"అడిగి రండి. మూలుగ పరీక్షకి ఎల్లుండి తొమ్మిదింటికి టైము పెట్టే ఉంచుతాను."

రెండు పేర్లు

రజియా మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పేశారు. మౌలాలి అక్క ఖాసింబీ నాకు కుర్చీ వేసింది. భర్త పోయాక ఆవిడ తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. మరదలి క్యాన్సరు రోజుల్లో రాత్రింబవళ్లు చేసింది ఈవిడే. నోటినిండా తాంబూలం, నడుముకి ఇత్తడి సున్నపుకాయ.

మందుల పేర్లు మళ్లీ అడిగితే మళ్లీ అదే జవాబొస్తుంది. అందుకని నేను మౌలాలికి ఇంటి భాషలో చెప్పాను.

"చూడు మౌలాలీ. మీ ఆవిడ ఒంట్లో సున్నం విపరీతంగా పెరిగిపోతోంది. ఎక్కణ్ణుంచో లోపలికి పోతోంది."

ఖాసింబీ పక్కున నవ్వింది. "పెరగడమేంటి డాక్టరమ్మా? తగ్గింది కదా! ఎముకల్లో సున్నం తగ్గిపోయిందని శ్రావణంలో ఆసుపత్రి సిస్టరమ్మ నాకే చెప్పింది."

"అప్పుడు తగ్గింది. ఇప్పుడు పెరిగింది."

"ఇప్పుడు పెరిగింది క్యాల్షియం కదండీ." నాకు అర్థమయ్యేలా ఆవిడ నిదానంగా విడమరిచింది. "క్యాల్షియం ఎక్కువైంది, అందుకని బిళ్లలు ఆపారు. సున్నం తక్కువైంది. దాని సంగతి మేం వేరే చూసుకుంటున్నాం."

"వేరే ఏం చూసుకుంటున్నారు?"

"సున్నమేనండీ."

గోడవైపు నుంచి రజియా గొంతు వినిపించింది. "పెరుగులో కలిపి ఇస్తుంది. పొద్దునొకటి, రాత్రొకటి. పెరుగు పులిసిందా అంటే ఊరుకుంటుంది."

"ఎంత కలుపుతున్నావమ్మా?" అన్నాను ఖాసింబీతో.

"ఫోన్లో గోధుమగింజంత అని వచ్చింది. గోధుమగింజంత ఏ మూలకండీ, అంత మనిషికి? నేను రేగిపండంత వేస్తున్నా." ఆవిడ ముఖం వెలిగిపోతోంది. "బజారుది కూడా కాదు. గుల్ల సున్నం తెచ్చి నేనే నానబెట్టా."

"ఎప్పణ్ణుంచి?"

"దసరా ముందునుంచి. అప్పుడు ఒక పూటే. బిళ్లలు ఆపేశారు కదా, బలం చాలదని రెండు పూటలా చేశా."

"విజయవాడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు?"

"అక్కడెక్కడ కుదురుద్దండీ? వాళ్ల తిండి వాళ్లదే."

నేను మౌలాలి వైపు తిరిగాను. "శ్రీలతమ్మ మూడుసార్లు అడిగింది కదయ్యా, వేరే మందులేమైనా వాడుతున్నారా అని?"

"మందు కాదు కదండీ," అన్నాడు మౌలాలి నిజాయితీగా. "సున్నం కదా."

"క్యాల్షియం అంటే సున్నమే," అన్నాను. "రెండూ ఒకటే."

ముందు లేచింది రజియా. మంచం మీద కూర్చుని, జుట్టు ముడేసుకుని, మూడు వారాలుగా నేను వినని గొంతుతో అంది. "వదినా. నా గుడ్డలన్నీ తిరిగిచ్చేశానే, రేగిపండు కోసమా!"

లెక్క

ఖాసింబీ చేత ఎప్పుడూ వేసేంత సున్నం తీయించి, ల్యాబ్‌కి తెచ్చి తూచాను. నాలుగు గ్రాములు. అందులో సగం నీళ్లు. మిగిలిన రెండు గ్రాముల సున్నంలో క్యాల్షియం ఒక గ్రాము పైచిలుకు. రజియాకి రాసిన బిళ్ల ఒక్కొక్కటి అర గ్రాము. అంటే ఒక రేగిపండు రెండు బిళ్లల పెట్టు.

మొదట రోజుకి రెండు బిళ్లలు, ఒక రేగిపండు. మొత్తం నాలుగు బిళ్లలు. మేం రెండు బిళ్లలు ఆపాం. ఖాసింబీ ఒక రేగిపండు కలిపింది. మొత్తం నాలుగు బిళ్లలు. అణువంత తేడా రాలేదు. పైగా సున్నం క్షారం. ఆ క్షారం మూత్రపిండాల్ని క్యాల్షియం బయటికి పంపనివ్వదు. విటమిను డి ఆపినా వారాల తరబడి ఒంట్లో ఉండి, పేగుల్లోంచి ఉన్నదంతా పీలుస్తూనే ఉంటుంది.

శ్రీలతకి ఫోన్ చేసి చెప్పాను. "రేగిపండంతా?" అంది. ఆ తరవాత నవ్వు. అది నవ్వో ఏడుపో కాసేపు తెలియలేదు. "మేడమ్, రేపటి పరీక్ష క్యాన్సిల్ చెయ్యనా?"

"చెయ్యకు. రెండు వారాలు వాయిదా వెయ్యి. నంబరు దిగాక క్యాన్సిల్ చెయ్యి."

కారణం దొరికిందన్న సంతోషంలో పరీక్ష మానెయ్యకండి. దొరికిన కారణం నిజమైనదో కాదో తేల్చేది కూడా నంబరే. మూడు రోజులు తిరువూరులోనే సెలైన్లు ఎక్కించి ఇంటికి పంపాం. ఆసుపత్రిలో తగ్గడం సాక్ష్యం కాదు, అక్కడ ఎప్పుడూ తగ్గింది. ఇన్నాళ్లూ పెంచిన ఇంట్లోనే తగ్గాలి.

ఇంటికొచ్చిన ఏడో రోజు 10.2. పద్నాలుగో రోజు 9.7. ఆ రెండో నంబరు మిషను మీద పడ్డప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఈ వయసులో నేను ఊరికే లేవను. శ్రీలత మూలుగ పరీక్ష కొట్టేసింది. నెల తిరిగాక 9.6, ఆ తరవాత ఎప్పుడు చూసినా అక్కడే. ఎముకల్లో క్యాన్సరు లేదు. ఎప్పుడూ లేదు.

తప్పెవరిది అని అడుగుతారు. ఖాసింబీ కూడా అడిగింది. నాలుగు రోజులు వంటింట్లోంచి బయటికి రాలేదు. "నా చేత్తో నేనే చంపబోయానా డాక్టరమ్మా?" అంది. నేను ఓదార్చడం చేతకాని మనిషిని, ఉన్నమాట చెప్పాను. "తగ్గిందన్నప్పుడు మేం సున్నం అన్నాం. పెరిగిందన్నప్పుడు క్యాల్షియం అన్నాం. ఒకే వస్తువుకి రెండు పేర్లు పెట్టి మీకిచ్చాం. నువ్వు రెంటినీ విడివిడిగా చక్కగా చూసుకున్నావు."

ఇందులో మీరు నేర్చుకోవలసింది ఇదే. రోగితో మొదటి రోజు ఏ మాట వాడారో చివరి రోజు దాకా అదే వాడండి. మార్చవలసి వస్తే రెండూ ఒకటేనని చెప్పి మార్చండి. "మందులేం వాడుతున్నారు" అని అడిగి సరిపెట్టుకోకండి. నోట్లోకి పోయేదంతా చెప్పమనండి. తాంబూలం, కషాయం, ఫోనులో వచ్చిన చిట్కా, అత్తగారి చిట్కా, అన్నీ. మన ఊళ్లలో ఇంట్లో ఉన్నది మందు కాదు, దుకాణంలో కొన్నదే మందు. ఈ రోజుల్లో అరవై పరీక్షలు ఒక్క ప్యాకేజీలో చేసి పడేస్తున్నారు. అరవయ్యొకటోది, ఈ ప్రశ్న, ఏ ప్యాకేజీలోనూ లేదు.

మాఘం

మాఘంలో మొదటి ముహూర్తానికి ఆరు రోజుల ముందు రజియా మిషను మీది దుప్పటి తీసింది. తిరిగిచ్చిన నలభై ఒక్క గుడ్డల్లో ఐదు మళ్లీ ఆవిడ దగ్గరికే వచ్చాయి. మొదటివి నావి. కొలత తీయమంటే, "అక్కర్లేదు, మీరు మారరు," అంది. వేసుకుని చూస్తే చంక దగ్గర వదులైంది. ఆ నెలల్లో నేనూ తగ్గానన్న సంగతి అప్పుడే తెలిసింది.

మౌలాలి ఆటో హారన్ వీధి చివరికి వినపడుతోంది. స్టాండులో ఎవరైనా గొడవపడి "ఎముకల్లో సున్నం లేకుండా తంతా" అంటే ఇతను మధ్యలో దూరి, "ఆ పని చెయ్యాలంటే ల్యాబు డాక్టరమ్మ దగ్గరికెళ్లండి. మా ఆవిడకి ఆవిడే చేసింది," అంటున్నాడట.

రజియాకి ఎముకల ఇంజెక్షను మళ్లీ మొదలైంది. శ్రీలత సగం మోతాదు క్యాల్షియం బిళ్ల రాసి, చీటీ మీద తెలుగులో పెద్దక్షరాలతో "ఇదే సున్నం" అని రాసింది.

పోయినవి

రజియా ఎడమ రొమ్ము. అది క్యాన్సరు తీసుకుంది.

మూత్రపిండాల శక్తిలో కొంత. 0.8 ఉన్న నంబరు 1.1 దగ్గర ఆగింది, ఇక దిగదు.

ఏడు కిలోల బరువు. ఐదు తిరిగొచ్చాయి.

మాఘం జాకెట్లు ముప్పయ్యారు. వేరేవాళ్లు కుట్టారు, బాగా కుట్టలేదు.

ఇత్తడి సున్నపుకాయ ఒకటి. ఖాసింబీ దాన్ని పాతసామాన్లవాడికి వేసేసి, తాంబూలం మానేసింది. నేను మానమనలేదు.

మనుషులు, ఎవరూ లేరు.